కోడలి కుండ

గొడవ తెడ్డు దగ్గర మొదలైంది. అన్నం కలిపే తెడ్డుతో కోడలు అమెరికా రవ్వ కలియబెట్టిందని భద్రమ్మ అంది. కలియబెట్టలేదనీ, కుండ పొంగుతుంటే మూత కింద ఆసరాగా పెట్టాననీ సుందరి అంది. ఆసరాగా పెట్టినా ఆవిరి తగిలిందిగా అని భద్రమ్మ. ఆవిరికి కూడా మైల ఉంటుందా అత్తయ్యా అని సుందరి. ఆ ఒక్క మాట అనకుండా ఉండవలసింది. భద్రమ్మ తెడ్డును దొడ్లోకి పట్టుకుపోయి, బూడిద వేసి, కొబ్బరిపీచుతో చెక్క అరిగిపోయేటట్టు తోమింది. ఆ తోముడు చప్పుడు ముందుగదిలో మామగారు చౌడయ్య మగ్గం చప్పుడును మించిపోయింది.

గవర్నర్‌పేటలో జవుళి కొట్టుకు బయల్దేరుతున్న కోటిలింగం తల దువ్వుకుంటూ వచ్చాడు. తల్లి వీపువైపు ఒకసారి, పెళ్ళాం ముఖంవైపు ఒకసారి చూసి, సాయంత్రం వచ్చేటప్పుడు ఇంకో తెడ్డు తెస్తానన్నాడు. అన్నట్టే తెచ్చాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో రెండు కుండలకు రెండు తెడ్లు. పెద్ద ఇత్తడి గిన్నెలో మిల్లుబియ్యం అన్నం, అంచు విరిగిన మట్టికుండలో పచ్చటి రవ్వ.

యుద్ధం అయిపోయి ఏడాది దాటినా బెజవాడలో బియ్యం మీద కంట్రోలు పోలేదు. పోకపోగా, ఆ వానాకాలంలో కార్డుకిచ్చే బియ్యం ఇంకా తగ్గించి, తగ్గించినంత మేరకు అమెరికానుంచి వచ్చిన మొక్కజొన్న రవ్వ చిన్న చిన్న గుడ్డసంచుల్లో ఇవ్వసాగారు. వీధిలో చాలామంది దాన్ని గేదెల కుడితిలో కలిపేసేవారు. చౌడయ్యగారింట్లో గేదె లేదు, నలుగురికి చాలినన్ని బియ్యమూ లేవు. ఎవరో ఒకరు రవ్వ తినాలి. ఎవరు తినాలో ఎవరూ నిర్ణయించలేదు. మామగారికీ భర్తకూ వడ్డించి, అత్తగారు కూడా తిని చెయ్యి కడుక్కున్నాక, ఆఖరున కూర్చునే మనిషికి ఇత్తడి గిన్నె అడుగు కనిపించేది. ఆఖరున కూర్చునేది సుందరి.

మొదటి సంచీ వచ్చిననాడు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరారు. చౌడయ్య గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, మరమగ్గం నేత అని పెదవి విరిచాడు. భద్రమ్మ అది దిండుగలీబుకు సరిపోతుందో లేదో జానలతో కొలిచింది. బందరులో ఇంటరు దాకా చదివిన సుందరి సంచీమీద అచ్చు వేసిన అక్షరాలు చదివింది. ‘ఎన్‌రిచ్డ్’ అని పెద్దగా ఉంది. అంటే ఏంటమ్మా అని మామగారు అడిగేసరికి, సరైన తెలుగు మాట తట్టక, ఐశ్వర్యం కలిపిందని చెప్పింది. చౌడయ్య పడీ పడీ నవ్వాడు.

“ఐశ్వర్యం కలిపారటే, భద్రం! అంత భాగ్యం మనకెందుకు గానీ కోడలికే పెట్టు” అన్నాడు.

మరపట్టేటప్పుడు గింజలోంచి పోయిన సత్తువను తిరిగి పైన పట్టిస్తారని, బి విటమిను, ఇనుము ఉంటాయని సుందరి చెప్పబోయింది. అప్పటికే నవ్వు వంటింటినుంచి వీధిలోకి పోయింది. కోడలి కుండ అన్న పేరు ఆ పూటే పుట్టింది. చౌడయ్య మనసులో ఎత్తిపొడుపు లేదు. మనిషి సరసుడు. కానీ పేరుకు ఆ సంగతి తెలియదు కదా, అది కుండకు అతుక్కుని ఉండిపోయింది.

తెడ్డు గొడవ అయిన మర్నాడు మధ్యాహ్నం సుందరి చారు వడ్డిస్తోంది. గిన్నెలోంచి గరిటె తీస్తుండగా చేతికి వేడి తగిలి, గరిటెడు చారు మామగారి మడిచిన కాలిమీద ఒలికింది. పొయ్యిమీదనుంచి అప్పుడే దించిన చారు. చౌడయ్య మాత్రం అన్నం కలుపుకుంటూ, గుడివాడ పెళ్ళివారి పంచెల సంగతి కోటిలింగానికి చెబుతూనే ఉన్నాడు. బొటనవేలి మీదుగా చారు కారుతోంది. చర్మం ఎర్రబడుతోంది. ఆయన చూపు కంచంలోంచి కదలలేదు.

సుందరి కూర్చుని కొంగుతో కాలు తుడిచింది. ఆయన తల ఎత్తి, ఏంటమ్మా అన్నాడు. చారు ఒలికింది మావయ్యా అంది. చౌడయ్య తన కాలు చూసుకున్నాడు, కోడలి ముఖం చూశాడు. గబుక్కున పంచె కాలిమీదికి లాక్కుని, “చల్లారిందేలే” అన్నాడు.

గరిటెనుంచి ఇంకా పొగ వస్తోంది.

ఆ సాయంత్రం ఆమె ముందుగదిలో కండెలకు నూలు చుడుతున్న వంకతో మగ్గం దగ్గర కూర్చుంది. గుంట మగ్గం అది. నేసేవాడు గట్టుమీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వేలాడదీసి, కింద ఉన్న రెండు తొక్కుడు చెక్కలను ఒకటి మార్చి ఒకటి తొక్కుతాడు. ఆ చీకట్లో కాళ్ళు ఎవరికీ కనబడవు, కనబడనవసరమూ లేదు. కాలు తొక్కుతుంది, చెయ్యి పోగు మోసే నాడెను విసురుతుంది, పోగును అదిమే పలక దరువు వేస్తుంది. కన్ను గుడ్డమీదే ఉంటుంది. కానీ చౌడయ్య నాలుగు దరువులకోసారి ముందుకు వంగి గుంటలోకి చూస్తున్నాడు. తన కాళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నాడు. వంగినప్పుడల్లా దరువు తప్పుతోంది. తప్పిన దరువును దగ్గుతో కప్పిపుచ్చుతున్నాడు.

సుందరి చేతిలో రాట్నం ఆగిపోయింది. ఆషాఢంలో తన అరికాళ్ళలో కూడా చీమలు పాకినట్టుండేది. మెట్టు దిగితే నేల దూదిలా అనిపించేది. బిందె మోస్తే మోకాళ్ళు తేలిపోయేవి. ఎవరికీ చెప్పలేదు. అది ఎప్పుడు పోయింది? ఆమె రాట్నం వదిలి దొడ్లోకి నడిచి, చెప్పుల్లేని కాళ్ళతో బావి గట్టు రాతిమీద నిలబడింది. రాతి చల్లదనం అరికాలికి తెలిసింది. గరుకు తెలిసింది. ఒక చోట ఎండిన సబ్బు ముక్క అంటుకుని ఉంటే అదీ తెలిసింది. కాలు మార్చి కాలు మోపి చూసుకుంది, చిన్నపిల్లలా. రవ్వ తినడం మొదలుపెట్టాకే ఇది పోయింది. తెల్లన్నం తినే ముగ్గురిలో అందరికంటే ఎక్కువ తినేది, అందరికంటే ముందు తినేది మామగారు.

బందరులో చదువుకునేటప్పుడు ప్రకృతిశాస్త్రం చెప్పినాయన కాళ్ళు మొద్దుబారే ఈ జబ్బు పేరు నల్లబల్లమీద రాసి, ఇది మన సర్కారు జిల్లాల సొంత ఆస్తి అని నవ్వించాడు. తెల్లగా మరపట్టి, మూడుసార్లు కడిగి, గంజి వార్చి తినేవాళ్ళకు పట్టుకుంటుందన్నాడు. అప్పుడు పరీక్షకోసం బట్టీపట్టిన ముక్క ఇప్పుడు ముందుగదిలో కాళ్ళు వెతుక్కుంటోంది. ఆమెకు భయం కన్నా ముందు సంతోషం వచ్చింది. ఇంత సులువా అనిపించింది. మందు ఇంట్లోనే ఉంది, అంచు విరిగిన కుండలో.

ఆ సంతోషంతో ఆమె ఆ రోజే అత్తగారికి చెప్పేసేది. అంతలో షావుకారు బసవయ్య వచ్చాడు. నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకుపోయేది ఆయనే. అయిపోయిన తానును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒకచోట వేలు పెట్టి ఆపాడు. జానెడు మేర పోగులు తప్పి తేలి ఉన్నాయి. ఇంకొంచెం పైన మళ్ళీ. చౌడయ్య నేతలో అటువంటిది ఆయన ఎన్నడూ చూడలేదు. కోప్పడితే బాగుండేది, కోప్పడలేదు. బట్టను మెల్లిగా మడత పెట్టాడు.

“గుడివాడ వాళ్ళ పడుగు ఒక్కటీ నేసిచ్చెయ్యి చౌడయ్యా. ఆ తరువాత కొంచెం విశ్రాంతి తీసుకుందువుగాని. నూలు దొరకడం ఎంత కష్టంగా ఉందో నీకు తెలుసుగా.”

చౌడయ్య తల ఊపాడు. షావుకారు వెళ్ళాక మగ్గం దగ్గర కూర్చుని, పలకమీద చెయ్యి ఆనించి, ఏమీ నెయ్యకుండా చీకటి పడేదాకా ఉండిపోయాడు. విశ్రాంతి అంటే ఏమిటో ఆ వీధిలో అందరికీ తెలుసు. మగ్గం విప్పేసి, కర్రలు అటకమీద పెట్టి, అరుగుమీద కూర్చోవడం.

మర్నాడు సుందరి వంటింట్లో అత్తగారి పక్కన కూర్చుని చింతపండు పిసుకుతూ, మెల్లిగా, చారు సంగతితో మొదలుపెట్టి చెప్పింది. మావయ్యగారికి తెల్లన్నం తగ్గించి రవ్వ పెడదామంది. భద్రమ్మ ముఖం గంటు పెట్టుకుంది. ఇంటి యజమానికి కోడలి కుండలోది పెట్టడమా? ఆయన సంపాదించిన పూటలూ, సంపాదించని పూటలూ కూడా ఈ ఇంట్లో ఆయన కంచంలోకి మల్లెమొగ్గల్లాంటి అన్నమే వచ్చిందని అంది. పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

“మొన్న సంతనుంచి ఒక చెప్పుతో వచ్చారు. రెండోది ఎక్కడ పోయిందో ఆయనకు తెలియదు. నేను వెనక్కిపోయి వెతుక్కొచ్చా” అంది. “పెడదాం. కానీ ఆయనకు నేను వండుతాను.”

భద్రమ్మ వంట అంటే వీధికంతటికీ తెలుసు. మర్నాడు ఆమె రవ్వను చేటలో చెరిగి, పైకి లేచిన పొట్టునూ పొడినీ ఊదేసింది. ఇత్తడి గిన్నెలో పోసి నీళ్ళు పోసి చేత్తో పిసికి, నీళ్ళు వంచేసింది. మళ్ళీ పోసింది, మళ్ళీ వంచింది. నీళ్ళు తేరేదాకా కడిగింది. ఎసరు నిండుగా పెట్టి ఉడికించి, గిన్నెమీద చిల్లుల మూత పెట్టి, గుడ్డతో పట్టుకుని గంజి వార్చింది. రవ్వ దేనికది విడివిడిగా, బంగారపు పూసల్లా ఉంది. పైన గరిటెడు నెయ్యి వేసింది. ఇరుగమ్మలు చూసినా వేలెత్తి చూపలేని వంట. సుందరి గుమ్మంలో నిలబడి చూసింది. తన కుండలో తను అలా వండదు. ఆఖరున కూర్చునేసరికి తోడిన నీళ్ళూ అయిపోతాయి, ఆకలీ ఆగదు. మరుగుతున్న నీళ్ళలో సంచీలోంచి నేరుగా గుప్పెడు పోసి, ఉప్పువేసి కలియబెట్టి దించేస్తుంది. ఆ బద్ధకం అత్తగారికి తెలిస్తే ఇంకో తెడ్డు గొడవ అవుతుందని నోరు విప్పలేదు.

చౌడయ్య ముందు ముఖం వికారంగా పెట్టాడు. పెళ్ళాం ముఖం చూసి తిన్నాడు. “ఐశ్వర్యం కొంచెం గొంతుకడ్డం పడుతోందిరా” అని కొడుకుతో అన్నాడు. ఆ పూటనుంచి రెండుపూటలా అదే తిన్నాడు.

సుందరికి ఆ రోజుల్లో కాలు ఒకచోట నిలవలేదు. మామగారు మెట్టు దిగినా, పీటమీద కూర్చున్నా, బావి దగ్గర కాళ్ళు కడుక్కున్నా ఆమె కళ్ళు ఆయన పాదాలమీదే. పరీక్ష ఫలితాలు వచ్చే పేపరుకోసం ఎదురుచూసినట్టు ఎదురుచూసింది. ఏమీ రాలేదు. వంగి చూసుకోవడం తగ్గలేదు. ఒకనాడు నాడె చేతిలోంచి జారి గుంటలో పడితే, దిగి తీసుకుని పైకి రావడానికి కోటిలింగం చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. ఆ పూట భద్రమ్మ కోడలితో పెద్దగా ఏమీ అనలేదు. ఐశ్వర్యం అంటివి గదమ్మా అని మాత్రం అంది. ఆ మాట రోజంతా సుందరి చెవిలో ఉంది. తన కాళ్ళు ఊరికే బాగుపడ్డాయేమో. చదివింది తప్పుగా గుర్తుంచుకుందేమో. గుడివాడ పడుగు మగ్గమెక్కే వేళ దగ్గరపడింది.

పడుగు మగ్గమెక్కే ముందు దానికి గంజి పెట్టాలి. పోగుకు గంజి లేకపోతే అది దరువుకు ఆగదు, పటపట తెగుతుంది. తెల్లవారి మంచు ఆరకముందే వీధి పొడవునా కర్రలు నాటి, నిలువు పోగులన్నీ తెల్లటి బాటలా చాచి, గంజి చల్లి, ఇద్దరు మనుషులు చెరొకవైపు నిలబడి కుంచెలతో దువ్వుతూ పోతారు. నేతవాళ్ళ ఇళ్ళలో అన్నం వార్చిన గంజి ఒక్క చుక్క పారబొయ్యరు. ఎవరూ తాగరు కూడా. అది పడుగుది. భద్రమ్మ వంటింట్లో గంజి కుండ ఒకటి ఎప్పుడూ నిండుతూనే ఉండేది.

చౌడయ్య ఒకవైపు, పొరుగింటి శౌరయ్య ఒకవైపు కుంచెలు పట్టుకున్నారు. భద్రమ్మ గంజి తెచ్చి ముంతతో చల్లింది. వాళ్ళు సగం బాట దువ్వేసరికి ఎండ వీధిలోకి దిగింది. చౌడయ్య కుంచె ఆగింది.

పడుగు తెల్లగా లేదు. దువ్విన మేర అంతా లేత నిమ్మపండు రంగు పట్టింది. అవతల దువ్వని సగం పాలలా ఉంది.

“పసుపు చెయ్యి పెట్టావా భద్రం” అన్నాడు. గొంతులో కోపం కన్నా బెదురు ఎక్కువుంది. పెళ్ళివారు అడిగింది మల్లెపూవు తెలుపు. పెట్టలేదని ఆమె రెండు చేతులూ చాచి చూపించింది. శౌరయ్య గంజిని వేళ్ళతో నలిపి, పసుపు వాసన లేదన్నాడు. వీధిలో ఒకరొకరే పోగయ్యారు. మరి ఏం కలిసిందే అని చౌడయ్య రెట్టించి అడిగితే, భద్రమ్మకు ఏడుపొచ్చింది. కలపడానికి తన దగ్గర ఏముంది, ఎప్పటి గంజే, బియ్యం గంజిలో ఆయనకు వండే రవ్వ వార్చిన గంజి కూడా పోస్తున్నాను, బలంగా ఉంటుందని కడుగు కూడా అందులోనే పోశాను అంది.

రెండో గంజి కుండ తెస్తున్న సుందరి ఆ మాట విని, గుమ్మంలో కుండ దించేసి పరుగెత్తుకొచ్చింది. పడుగు దగ్గర కూర్చుని పోగులమీద వేలు రాసింది. వేలికి పచ్చన అంటింది. నోట్లో పెట్టుకుంది. లేచి నిలబడి, వీధిలో అంతమంది మధ్య, ఆ ఇంటికి వచ్చాక ఎన్నడూ నవ్వనంత గట్టిగా నవ్వింది.

శౌరయ్య కుంచె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సుందరీ అని అత్తగారు గదిమింది.

“అత్తయ్యా, మావయ్యగారి కాళ్ళు ఇవిగో. మీరు పడుగుకి పూసేశారు.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకు మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. గుక్క తిప్పుకుని మామగారివైపు తిరిగింది. అమెరికావాళ్ళు ఆ సత్తువను గింజలో పెట్టలేదు మావయ్యా, అది గింజలోంచి ఎప్పుడో పోయింది, తిరిగి పొడి చేసి పైన పట్టించారు అని చెప్పి, ఎలా చెప్పాలో తెలియక పడుగువైపు చెయ్యి చూపించింది.

“ఇదుగో, పోగుకి గంజి పట్టించినట్టు.”

చౌడయ్య పోగులవైపు చూశాడు. అర్థం కావడానికి చాలాసేపు పట్టలేదు.

“పట్టించింది కడిగితే నిలుస్తుందా” అన్నాడు, తనలో తను. “గంజి పెట్టిన నూలు తీసుకుపోయి బావి దగ్గర పిండినట్టే కదా.” భార్యవైపు తిరిగాడు. “చెరిగావా?”

చెరిగానంది. కడిగావా అంటే, నీళ్ళు తేరేదాకా కడిగానంది. ఆపైన వార్చానని ఆమె చెప్పనక్కర్లేకపోయింది, అది ఎదురుగా వీధి పొడవునా పరుచుకుని ఉంది. భద్రమ్మ ముంత పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయింది. ఎన్నాళ్ళ పేరు ఆ చేతిది.

“శుభ్రంగా పెడుతున్నాననుకున్నా” అంది.

సుందరి దగ్గరకు వెళ్ళి ముంత అందుకుంది. నెమ్మదిగా, ఆమెకే వినబడేటట్టు, తను మాత్రం తెలిసి కడగడం మానలేదని, బద్ధకించి మానేశానని చెప్పింది. భద్రమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. కళ్ళు తుడుచుకుంటూనే, “అదీ సంగతి. నాకెప్పుడో అనుమానమే” అంది. ఆ గొంతులో గొడవ తిరిగి వచ్చినందుకు సుందరికి ప్రాణం లేచి వచ్చింది.

పడుగు ఎలాగూ ఆగదు. రెండు ఉతుకులు పడితే, నాలుగు ఎండలు తగిలితే రంగు పోతుందని శౌరయ్య ధైర్యం చెప్పాడు. ఇద్దరూ మిగిలిన సగం కూడా అదే గంజితో దువ్వేశారు. సగం తెలుపు, సగం పచ్చగా ఉంటే మరీ అసహ్యం.

ఆ మధ్యాహ్నం అంచు విరిగిన కుండ ముందు అత్తాకోడళ్ళిద్దరూ కూర్చున్నారు. సంచీ మూతి విప్పి సుందరి గుప్పెడు తీసింది. భద్రమ్మ చెయ్యి అలవాటుగా చేటకోసం పోయి, మధ్యలో ఆగి, ఒళ్ళోకి వచ్చేసింది. కడగని రవ్వ కళ్ళెదురుగా ఎసట్లో పడుతుంటే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. ఉండ కట్టకుండా తిప్పుతూ ఉండాలని సుందరి చెబితే మాత్రం, తెడ్డు తనే అందుకుంది. ఏ తెడ్డో చూసుకోలేదు. చిక్కబడి, కుతకుతమని, తెడ్డుకు అంటుకుంటూ జారేదాకా తిప్పింది. వార్చడానికి అందులో ఏమీ మిగలలేదు.

చూడటానికి ఆ వంట బాగాలేదు. చౌడయ్య దాన్ని కారప్పొడి నంజుకుని తిన్నాడు. ఈసారి ఐశ్వర్యం గొంతుకడ్డం పడటంలేదు, జారిపోతోందన్నాడు.

పడుగు మగ్గమెక్కింది. మొదట్లో దరువులో తేడా ఏమీ లేదు. సుందరి ఈసారి ఆయన కాళ్ళవైపు చూడకూడదని ఒట్టుపెట్టుకుంది. చెవులమీద మాత్రం ఒట్టు లేదు. కండెలు చుడుతూ, పప్పు ఏరుతూ, ఎక్కడున్నా దరువు వింటూనే ఉంది. కొన్నాళ్ళకు దగ్గు తగ్గినట్టనిపించింది. తన ఆశేమోనని కోటిలింగంతో చెప్పలేదు.

ఒక ఉదయం మగ్గం ఠక్కున ఆగిపోయింది. చౌడయ్య కేక పెట్టాడు.

“గుంటలో ఏం పారేశారే! కాల్లో గుచ్చుకుంటోంది.”

భద్రమ్మ వంటింట్లోంచి, సుందరి దొడ్లోంచి ఒక్కసారే వచ్చి గుమ్మంలో ఢీకొన్నారు. సుందరి గుంటలోకి దిగింది. చీకట్లో తడిమితే కుడివైపు తొక్కుడు చెక్క అంచున బద్ద లేచి ఉంది. కొత్తగా లేచింది కాదు. కొన నున్నగా అరిగి, చమటతో నల్లబడి ఉంది. ఆయన కుడికాలు పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. బొటనవేలి కింద ఆ బద్ద గీసిన గీతలు, ఒకదాని మీద ఒకటి, మానినవి, మాననివి. ఎన్నాళ్ళుగానో ఆ చెక్క ఆయనను గీరుతోంది. ఇవాళ తెలిసింది.

“ఎక్కడ మావయ్యా గుచ్చుకున్నది? ఇక్కడా?” వేలితో నొక్కింది.

“అబ్బా. అక్కడే. చంపేస్తావా ఏంటి” అని ఆయన కాలు లాక్కున్నాడు.

లాక్కున్నాక ఆగాడు. కాలును తనే నొక్కి చూసుకున్నాడు. ఎడమ కాలు నొక్కుకున్నాడు, అది ఇంకా మొద్దుగానే ఉంది కాబోలు, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కుడికాలు. ఆయన ముఖంలోకి నవ్వు మెల్లిగా వచ్చింది. భద్రమ్మ గుంట గట్టుమీద కూలబడి, గుచ్చుకుందా, నిజంగా గుచ్చుకుందా అని మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. అవునని ఆయన చెప్పిన ప్రతిసారీ ఆమెకు కొత్తగానే ఉంది.

గుడివాడ పంచెలు పూర్తయ్యాయి. బసవయ్య వెలుతురుకెత్తి చూసి, ఒక్క పోగు తేలలేదని అన్నాడు. ఈ గంధపు ఛాయ ఏమిటని అడిగితే చౌడయ్య ముఖం ఏమాత్రం మార్చకుండా, అది అమెరికా ఐశ్వర్యమన్నాడు. ఉతికితే పోతుందన్నాక షావుకారు ఊరుకున్నాడు. వెళ్ళేటప్పుడు విశ్రాంతి మాట ఎత్తలేదు. రేపు మనిషిచేత నూలు పంపుతానన్నాడు.

ఆ రోజు కంట్రోలు కొట్టునుంచి కోటిలింగం తెచ్చిన సంచుల్లో రవ్వది ఒకటే ఉంది. రవ్వ రావడం తగ్గిందట, ఇకమీదట ఇంతేనట. వీధిలో ఈ కబురు తెలిసి, నిన్నటిదాకా కుడితిలో పోసినవాళ్ళు కూడా ఇవాళ వరసలో నిలబడ్డారని చెప్పాడు. భద్రమ్మ ఆ సంచీని అందుకుని, నెయ్యి గిన్నె పెట్టుకునే అలమారులో పెట్టి గొళ్ళెం వేసింది.

భోజనాల వేళ చౌడయ్య కంచంలో పచ్చటి రవ్వ, పక్కన గోంగూర, నిండుగా వడ్డించి ఉన్నాయి. కోటిలింగానికి సగం రవ్వ, సగం అన్నం. భద్రమ్మ ఈమధ్య తనకూ కాళ్ళు లాగుతున్నాయని కొంచెం రవ్వ పెట్టుకుని వాళ్ళతోపాటే కూర్చుంది. అందరూ తిని లేచాక సుందరి తింటుంది. ఆమె గోడ వారన నిలబడి మజ్జిగ గరిటెతో సిద్ధంగా ఉంది. మనసు ఉల్లాసంగా ఉంది, కొత్త నూలు వస్తుందన్న మాట చెవిలో ఉంది. కూరకోసం వంగినప్పుడు మాత్రం పొయ్యి పక్కన అంచు విరిగిన తన కుండ కనిపించింది. అందులో అన్నం ఉంది. తెల్లటి, మల్లెమొగ్గల్లాంటి, మూడుసార్లు కడిగి వార్చిన మిల్లుబియ్యం అన్నం. ఆ ఇంటికి వచ్చిన ఇన్నాళ్ళకు ఆమెకోసం ప్రత్యేకంగా మిగిల్చిన తెల్లన్నం. ఆమెకు నవ్వొచ్చింది. పెదవి బిగించి ఆపుకుంది.

చౌడయ్య ముద్ద ఎత్తినవాడు దించాడు.

“దేనికమ్మా నవ్వుతున్నావు?”

ఏం లేదు మావయ్యా అంది. ఆయన ఆమె చూపు పోయిన వైపు తనూ మెడ తిప్పి చూశాడు.

“కోడలి కుండలో ఏం ఉంది ఇవాళ?”

ఎన్నోసార్లు హాస్యానికి అడిగిన ప్రశ్నే. ఈసారి హాస్యం లేదు.

“అన్నం, మావయ్యా.”

కోటిలింగం తన కంచంలోకి చూసుకున్నాడు.

“కుండలోది మారింది గానీ వంతు మారలేదన్నమాట” అన్నాడు చౌడయ్య. ఎవరినీ చూసి అనలేదు. తన కంచాన్ని చేత్తో కొంచెం ముందుకు జరిపాడు.

భద్రమ్మ ముఖం ఎర్రబడింది. తను దురుద్దేశంతో చెయ్యలేదని, ఉన్నది కొంచెమే గదా అని అనబోయినట్టు పెదవులు కదిలాయి. ఎంగిలి చెయ్యి పైకి పట్టుకుని లేచింది. కుండలోని అన్నంవైపు చూసింది, అలమారువైపు చూసింది. చెయ్యి కడుక్కొచ్చి, గోడకు ఆనించి ఉన్న పీటల్లోంచి ఒకటి తీసి, తన పీట పక్కన వాల్చింది. దానిముందు ఒక కంచం పెట్టింది. భర్త కంచంలోంచి ఇంకా ముట్టని వైపు రవ్వ తీసి అందులో వేసింది. తన కంచంలోదీ వెయ్యబోయి, ఎంగిలి అని గుర్తొచ్చి ఆగింది. కొడుకు నవ్వాడు.

“నవ్వకు. చెప్పేది విను, మళ్ళీ చెప్పను” అంది భద్రమ్మ. అందరికీ చెబుతున్నా, ఆమె చూపు మాత్రం పొయ్యిమీదే ఉంది. “రేపట్నుంచి ఈ ఇంట్లో కుండ ఒకటే. రవ్వ ఉన్నన్నాళ్ళు బియ్యమూ అదీ కలిపి ఒకే ఎసట్లో పోస్తా. అదీ అయిపోతే దంపుడు బియ్యం వెతికించు లింగం, కూచిపూడిలో సుందరి పుట్టింటివైపు దొరక్కపోవు. అవి కూడా ఒక్కసారే కడుగుతా. గంజి వార్చను. పడుగుకి కావాలంటే చింతగింజల పిండి కాచుకోండి, నా వంటింట్లోకి రావద్దు.”

చౌడయ్య తల ఊపి, అలాగేనన్నాడు. సుందరి ఇంకా మజ్జిగ గరిటె పట్టుకుని నిలబడే ఉంది.

“ఇంకా నిలబడ్డావేం. కూర్చో. అందరం ఇప్పుడే తింటాం, రేపూ అంతే” అంది భద్రమ్మ. చూరులో పక్కపక్కన దోపి ఉన్న రెండు తెడ్లలోంచి కొత్తదాన్ని లాగి, చూసి, పొయ్యి పక్కన పుల్లల్లో పడేసింది.